మిద్దె మీద మే నెల

కోయంబత్తూరు గాంధీపురం నుంచి మాట్లాడుతున్నాను.

గాంధీపురం అనగానే వచ్చిపోయేవాళ్లకు బస్టాండు గుర్తొస్తుంది. టౌను బస్సులు ఒకచోట, పైఊళ్లకు పోయేవి ఒకచోట, రాత్రిపూట చెన్నైకీ బెంగళూరుకీ హైదరాబాదుకీ బయల్దేరే ప్రైవేటు బస్సులు ఇంకొకచోట. క్రాస్‌కట్ రోడ్డులో బట్టల కొట్లు, నూరడుగుల రోడ్డులో నగల కొట్లు, తలెత్తి చూస్తే వంతెనలు. ఈ హోరుకు వెనకాల పేర్లకు బదులు నంబర్లతో పిలుచుకునే వీధులున్నాయి. ఆ వీధుల్లో చాలా ఇళ్లలో గడప దాటి లోపలికి వెళితే తెలుగు వినబడుతుంది. చుట్టాల్ని చూడ్డానికి నిన్న మొన్న వచ్చినవాళ్ల తెలుగు కాదది. విజయనగర రాజుల కాలంలో, మదురై నాయకుల కాలంలో, ఆ తర్వాత కూడా విడతలు విడతలుగా దక్షిణానికి కదిలివచ్చి, నల్లరేగడి కనబడినచోట నాగలి దింపినవాళ్ల తెలుగు. కోయంబత్తూరు జిల్లాలో తమిళం తర్వాత ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే.

మా తెలుగుకు ఒక పెద్ద లోటుంది. అది నోటి మీదే బతికింది. మా అవ్వలూ తాతలూ తెలుగు అక్షరం చదవలేరు. లెక్కలు రాసుకున్నది తమిళంలో, ఉత్తరాలు రాసుకున్నది తమిళంలో, పెళ్లి పత్రికలు అచ్చు వేయించుకున్నది తమిళంలో. మా పిల్లల చదువు తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. మరి ఇన్ని వందల ఏళ్లు ఈ భాష ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా అందింది? దీని గురించి నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. నాకు తట్టిన జవాబు ఎండాకాలం. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా వచ్చే సెలవులే మా తెలుగుకు బడి. అవ్వ పంతులమ్మ, మిద్దె తరగతి గది, వడియాల పిండి పలక. ఈ పూట మీతో చెప్పాలనుకున్నది ఆ బడి గురించే.

ముందు మా ఎండ సంగతి. విజయవాడ ఎండలు, రామగుండం ఎండలు తిన్నవాళ్లకు మా ఎండ ఒక లెక్కలోకి రాదు. ఊరు సముద్రమట్టానికి 400 మీటర్లకు పైన ఉంది. పడమట నీలగిరులకూ ఆనైమలకూ నడుమ కొండలు తెగిపోయిన చోట పాలక్కాడు కనుమ. మే 4వ తేదీ ప్రాంతంలో కత్తిరి పుడుతుంది. మీ పంచాంగంలో కృత్తిక కార్తెను చుట్టుకుని వచ్చే ఆ ఇరవై అయిదు రోజులను ఇక్కడ అగ్ని నక్షత్రమంటారు. ఆ రోజుల్లో పగలు గాలి ఆడదు. సాయంత్రం ఒక్కోసారి ఉరిమి గట్టి వాన పడి పోతుంది. మే నెలాఖరుకు కనుమ గుండా పడమటి గాలి తిరుగుతుంది. గాలి తిరిగిందంటే మిద్దె మీద ఆరబెట్టిన బట్ట నిలవదు, దుమ్ము ఆగదు. కాబట్టి ఎండబెట్టే పనులన్నీ గాలి తిరగకముందే అయిపోవాలి. మా ఆడవాళ్లు క్యాలెండరు కన్నా కనుమనే ఎక్కువ చూస్తారు.

తెల్లవారకముందు నాలుగింటికే ఇంట్లో దీపం వెలుగుతుంది. ముందురోజు రాత్రే గ్రైండరులో బియ్యప్పిండి రుబ్బి ఉంచుతారు. కోయంబత్తూరులో పుట్టి దక్షిణాది వంటిళ్లన్నిటికీ వెళ్లిన యంత్రం అది, భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, ఉప్పూ జీలకర్రా నూరిన పచ్చిమిరపకాయలూ వేసి, పిండి జారుగా కలిపి పోస్తూ తిప్పాలి. తిప్పే చేయి ఆగితే ఉండ కడుతుంది. అడుగంటకముందే దించి, వేడివేడిగా మిద్దె మీదికి మోసుకుపోవాలి. తాతగారి పాత పంచె తడిపి పరుస్తారు. చేతులు కాలకుండా చన్నీళ్లలో ముంచుకుంటూ గరిటెతో వరసగా వడియాలు పెడతారు. సగ్గుబియ్యం వడియాలకు సేలం నుంచి సగ్గుబియ్యం వస్తుంది. ఇది ఒక ఇంటి పని కాదు. పక్కింటి అత్త వస్తుంది, ఎదురింటి వదిన వస్తుంది. ఈరోజు మన మిద్దె మీద, రేపు వాళ్ల మిద్దె మీద.

పిల్లలకు కాకుల కాపలా. చేతిలో ఒక కట్టె, నెత్తిన తడి తువ్వాలు. పక్కన ఈతాకు చాప నీడన అవ్వ కూర్చుని పనులు చెబుతూ ఉంటుంది. "ఎండలో ఏంటికి తిరుగుతుండావు, నీడకు రా." "వాడినాయా ఆరినాయా, తాకి చూసి చెప్పు." "ఇంకా ఎండల్ల, రేపటికి వదిలిపెట్టు." పదేళ్ల పిల్లకు పిండి వేలితో తాకి చూస్తేనే ఆ మాటలకు తేడా తెలుస్తుంది. ఏ వాచకం ఇంత బాగా నేర్పుతుంది? మధ్యాహ్నానికి సగం ఎండి, అంచులు పైకి లేచి, మధ్యలో ఇంకా మెత్తగా ఉన్న వడియాన్ని దొంగచాటుగా తిన్నవాళ్లకు ఆ రుచి చచ్చేదాకా గుర్తుంటుంది. ఆ దొంగతనానికి అవ్వ పెట్టే తిట్లు కూడా తెలుగే. పిల్లలు మొదట పట్టుకునేవి అవే.

చల్ల మిరపకాయల పని ఇంకొంచెం ఓపికది. మిరపకాయలకు గాట్లు పెట్టి ఉప్పు వేసిన పుల్లటి చల్లలో నానబెడతారు. పగలు తీసి ఎండలో పోస్తారు, రాత్రి మళ్లీ అదే చల్లలో వేస్తారు. చల్ల అంతా కాయలు తాగేసేదాకా ఇలా రోజూ ఎక్కించడం, దించడం. ఇద్దరు మనవళ్లకు ఆ పని అప్పగిస్తే ఒక వారమంతా వాళ్ల కబుర్లు మిరపకాయల చుట్టూనే తిరుగుతాయి.

ఇక మామిడి. మాకు మామిడి మీకంటే ముందు వస్తుంది. కనుమకు అవతల పాలక్కాడు జిల్లాలో ముదలమడ అనే ఊరుంది. దేశంలో అన్నిటికంటే ముందుగా మామిడికాయ బజారుకు వచ్చే చోట్లలో అదొకటి. ఫిబ్రవరి, మార్చిలోనే అక్కడి కాయ కోయంబత్తూరు చేరుతుంది. ఆ తర్వాత సేలం, కృష్ణగిరి పండ్లు. ఆవకాయ మాత్రం మా పాత ఇళ్లది కాదు. మా మొదటి తరాలు ఇటు కదిలేనాటికి మిరపకాయే ఈ దేశంలో ఇంకా వేళ్లూనలేదు. పోర్చుగీసు ఓడల్లో అది వచ్చింది 16వ శతాబ్దంలో. మా ఇళ్లలో జాడీకెక్కేది పిందె మామిడి. మదురై దగ్గర అళగర్ కోవిల్ కొండల నుంచి వచ్చే పిందెలకు పేరు. తొడిమతో సహా కడిగి, తుడిచి, ఆముదం పట్టించి, రాళ్ల ఉప్పు పొరలు పొరలుగా వేసి కదిలిస్తూ ఉంటే నాలుగైదు రోజులకు కాయ ముడుచుకుని ఊట దిగుతుంది. అప్పుడు ఆవపిండి, పసుపు, కారం. ఎండాకాలమంతా పెరుగన్నంలోకి అదే. ఈ మధ్య విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాల వల్ల ఆవకాయ కూడా మా మిద్దెలెక్కింది. మా పిందె మామిడి వాళ్ల ఇళ్లకు పోయింది. ఇలా జాడీలు మార్చుకున్నప్పుడు రెండు రకాల తెలుగులు ఎదురుపడతాయి. వాళ్లు మా మాటకు మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత తమ ముత్తవ్వ ఇలాగే అనేదని గుర్తు చేసుకుంటారు.

ఇంతవరకూ చెప్పింది మిద్దె ఉన్నవాళ్ల ఎండాకాలం. కోయంబత్తూరు తెలుగు అనగానే మిల్లు యజమానుల పేర్లు చెప్పి ఆగిపోవడం ఒక అలవాటుగా మారింది. ఆ పేర్లు గొప్పవే. 1910లో లక్ష్మీ మిల్లు పెట్టిన కుప్పుస్వామి నాయుడు గారు, 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థకు ఆస్తి రాసిచ్చిన కుటుంబం, వాళ్లందరి ఇళ్లలో మాట్లాడింది తెలుగే. కానీ ఎండాకాలపు పని అంటే నాకు ముందు గుర్తొచ్చేది బావి.

ఈ నేలకు నదీ కాలవలు తక్కువ. నొయ్యల్ చిన్న నది, ఎండాకాలంలో దాన్ని నమ్ముకోలేం. పత్తి పండాలన్నా చోళ్లు పండాలన్నా బండను తొలిచి బావి దింపాల్సిందే. వంద అడుగులు దాటిన దిగుడు బావులున్న జిల్లా ఇది. పత్తి ఏరడం అయిపోయి, కట్టె పీకి, నీరు అడుగంటిన వేసవి నెలల్లోనే బావిని ఇంకా లోతు చేసేవాళ్లు. నీళ్లు కింద ఉన్నప్పుడే కదా అడుగు కనబడేది. ఆ పని వడ్డెరలది. ఇక్కడ ఒడ్డర్లంటారు. గునపం, సమ్మెట, తట్ట. మందు దట్టించి బండ పేల్చడం, పేలిన రాయిని మోకుల మీద పైకి లాగడం. మగవాళ్లు లోపల, ఆడవాళ్లు గట్టు మీద. వాళ్లు ఊరూరూ తిరిగి గుడిసెలు వేసుకుని పని చేసి, వానలు మొదలవగానే ఇంకో ఊరు పోయేవాళ్లు. వాళ్ల ఇంటి భాష తెలుగు.

బావిలో నీళ్లు పైకి తెచ్చేది కపిల. తోలు తొండం తగిలించిన బాన, రెండు ఎద్దులు, ఏటవాలుగా దిగే దారి. ఎద్దులు దిగితే బాన పైకి వస్తుంది, తొండం విప్పుకుని నీళ్లు తొట్లో పడతాయి. ఆ తోలు ఊనిన చేతులు, కుట్టిన చేతులు అరుంధతీయులవి. వాళ్ల ఇంటి భాషా తెలుగే. భూమి ఉన్న నాయుడు, బావి తవ్విన వడ్డెర, కపిల కుట్టిన అరుంధతీయుడు, ముగ్గురూ ఒకే బావి గట్టున తెలుగే మాట్లాడుకున్నారు. ఆ నీళ్లు మాత్రం ముగ్గురికీ సమానంగా అందలేదు. అంటరానితనం భాషను చూసి ఆగలేదు. ఈ మాట చెప్పకుండా మా తెలుగు గొప్పతనం చెప్పుకోవడం నాకిష్టం లేదు.

నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు 1932లో వచ్చింది. మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. ఎలక్ట్రిక్ మోటారు విదేశాల నుంచి తెప్పించుకునే రోజుల్లో, 1937లో జి.డి. నాయుడు గారూ బాలసుందరం నాయుడు గారూ దాన్ని ఇక్కడే తయారు చేశారు. దేశంలో అదే మొదటిదని ఈ ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. మోటారు పంపులు ఈ జిల్లా నుంచే దేశమంతా వెళ్లాయి. ఎద్దులకు విశ్రాంతి దొరికింది, మనిషికి నడుము నొప్పి తగ్గింది. కపిల తోలేటప్పుడు పాడుకునే పాటలు పోయాయి. బావులు ఎండి, వెయ్యి అడుగుల బోర్లు వచ్చాయి. వడ్డెరల పిల్లలు కట్టడాల పనుల్లో ఉన్నారు. అరుంధతీయుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది ఈ నగరం పారిశుద్ధ్య పనిలో ఉన్నారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం వాళ్లకు దళితుల కోటాలో 3 శాతం ప్రత్యేకంగా కేటాయించిన తర్వాత కొత్త తరం కాలేజీ మెట్లెక్కుతోంది. అయినా తెల్లవారి అయిదింటికి క్రాస్‌కట్ రోడ్డులో చీపురు పట్టుకున్న అమ్మను పలకరించి చూడండి. ఆమె పక్కనున్న ఆమెతో మాట్లాడేది చాలాసార్లు తెలుగే అయి ఉంటుంది. సెలవుల్లో జనం రెట్టింపై చెత్త కూడా రెట్టింపైన రోజుల్లో ఆ ఇళ్ల పిల్లలకు అవ్వతో గడిపే పొద్దు తక్కువ. అమ్మ పని దిగి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. వాళ్ల తెలుగు మిద్దె మీద కాక కుళాయి దగ్గర నిలబడింది. సిరువాణి నీళ్లు వదిలే రోజు కోసం బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నప్పుడు నడిచే కబుర్లలో నిలబడింది.

సిరువాణి అన్నాను కదా, అది మా ఊరికి మంచినీళ్లిచ్చే డ్యాము. ఎండాకాలంలో ఈ ఊళ్లో ఇద్దరు కలిస్తే మొదట మాట్లాడుకునేది ఆ డ్యాములో నీటిమట్టం గురించే. ఆ నీళ్ల తీపి మీద కోయంబత్తూరు వాళ్లకు ఎంత అభిమానమంటే, చుట్టాల ఇంటికి పోయినా సీసాలో పట్టుకుపోతారు.

వారమంతా పనులైతే ఆదివారం షికారు. గాంధీపురం పిల్లలకు నడిచిపోయే దూరంలోనే వ.ఉ.సి. పార్కు. అక్కడి పిల్లల రైలు, దాని దగ్గర మైదానంలో ఎండాకాలంలో పెట్టే ప్రభుత్వ ఎగ్జిబిషను, ఢిల్లీ అప్పడాలు, జెయింట్ వీలు. పక్కనే సెంట్రల్ జైలు. స్వాతంత్ర్య యోధుడు వ.ఉ. చిదంబరం పిళ్లై గారిని ఆ జైల్లో పెట్టి గానుగ లాగించారు. పార్కుకు ఆయన పేరెందుకు పెట్టారో పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పాలి, మా తాతలు అలాగే చెప్పారు. జైలు స్థలంలో కొంత భాగం ఇప్పుడు సెమ్మొళి పూంగా అనే పెద్ద తోటైంది. 2010లో ఇక్కడ ప్రపంచ శాస్త్రీయ తమిళ మహాసభలు జరిగినప్పుడు మాట ఇచ్చిన తోట, 2025 చివరిలో తలుపులు తెరిచింది. అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు గారి ప్రదర్శనశాల ఉంది. పాత కార్ల మ్యూజియం కూడా అక్కడే.

జి.డి. నాయుడు గారి గురించి ఇంకొక్క మాట. 1893లో ఈ జిల్లాలోనే కలంగల్ అనే పల్లెలో పుట్టారు. బడి చదువు ఒంటబట్టలేదు. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొళ్లాచ్చికీ పళనికీ మధ్య సర్వీసు మొదలుపెట్టారు. ఆ బస్సును ఆయనే నడిపారు. ఈవేళ గాంధీపురం బస్టాండులో అర్ధరాత్రి కూడా తగ్గని రద్దీకి మొదటి అడుగు అలాంటి బస్సుల్లోనే పడింది. సెలవుల్లో పళనికి పోవడం, కొండ దిగి పంచామృతం డబ్బాలు కొనుక్కోవడం మా ఇళ్లలో తప్పనిసరి. పొళ్లాచ్చి దాటి ఆళియారు డ్యాము, దాని ఎగువన కోతుల జలపాతం, ఇంకా పైకి పోతే వాల్పారై. ఒకే రోజులో పోయి రాగల చోట్లు. పులిహోర, పెరుగన్నం, పిందె మామిడి మూటగట్టుకుని పోయే రోజులు మా బాల్యంలో ఉండేవి. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. హోటలు భోజనం చేసి వచ్చిన షికారుకు, చెట్టు కింద విస్తరి పరిచిన షికారుకు తేడా ఉంది. రెండోదాంట్లో ఎవరు ఎవరికి వడ్డించాలో, ఎవరిని ఏమని పిలవాలో పిల్లలకు తెలిసొస్తుంది. చిన్నాయనా, పెద్దమ్మా, బావా, మరదలా అని పిలవడానికి ముందు మనుషులు ఒకచోట కూర్చోవాలి కదా.

ఊటీ సంగతి వేరు. మేట్టుపాళయం నుంచి కూనూరుకు రైలు 1899లో వేశారు, 1908లో ఊటీ దాకా పొడిగించారు. 46 కిలోమీటర్లు, 250 వంతెనలు, 16 సొరంగాలు. కల్లారు దాటగానే పట్టాల మధ్యనున్న పళ్ల కడ్డీని ఇంజను కరచుకుని పాకుతుంది. పైకి చేరడానికి దాదాపు అయిదు గంటలు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రైల్లో చోటు దొరకడం అదృష్టమే, ఎక్కువమంది బస్సులోనే పోతారు. మే నెలలో బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన, కూనూరు సిమ్స్ పార్కులో పండ్ల ప్రదర్శన. జనం ఎంత పెరిగారంటే, మద్రాసు హైకోర్టు చెప్పడంతో 2024 మే 7 నుంచి ఊటీకి పోయే వాహనాలకు ఈ-పాసు పెట్టారు. 2025 వేసవికి వారం మధ్య రోజుకు 6000, శని ఆదివారాల్లో 8000 వాహనాలని హద్దు గీశారు. మా ఇంటి దగ్గరి కుర్రాళ్లు దీని మీద విసుక్కుంటారు. నేను ఆ కొండల పక్షమే. ఆ కొండ మీద చల్లదనం మిగిలితేనే కదా కింద నీళ్లు.

ఎండాకాలంలో మాకు అన్నిటికంటే పెద్ద ప్రయాణం మదురైకి. సింగానల్లూరు బస్టాండులో ఎక్కితే అయిదారు గంటలు. పోయేది అక్కడి చిత్తిరై పండుగకు. మదురై చుట్టుపక్కల కూడా తెలుగు ఇళ్లున్నాయి. కంబళత్తు నాయకుల ఊళ్లున్నాయి, ఉరుమి వాద్యానికి అడుగు కలిపి వాళ్లు ఆడే దేవరాట్టం చూసి తీరాలి. పిల్లనిచ్చిన ఇళ్లు, తెచ్చుకున్న ఇళ్లు అటూ ఇటూ ఉండడంతో చైత్రంలో రాకపోకలు.

ఈ పండుగను ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాడు తెలుగు రాజే. తిరుమల నాయకుడు, 1623 నుంచి 1659 దాకా ఏలినవాడు. మీనాక్షి కల్యాణం అంతకుముందు మాఘ ఫాల్గుణాల్లో జరిగేది. అళగర్ కొండ నుంచి పెరుమాళ్లు దిగి వైగై నదిలోకి రావడం చిత్రాపూర్ణిమకు, తేనూరు దగ్గర. ఒకటి శైవుల పండుగ, ఇంకొకటి వైష్ణవుల పండుగ. పొలం పనులు లేని వేసవిలో రైతులందరూ రాగలరు, తేరు లాగడానికి చేతులు దొరుకుతాయి. తిరుమల నాయకుడు రెంటినీ ఒకే నెలలో, ఒకే ఊళ్లో కలిపాడు. చెల్లెలు మీనాక్షి పెళ్లికి బయల్దేరిన అన్న అళగరు ఆలస్యంగా చేరి, పెళ్లి అయిపోయిందని తెలిసి, ఊళ్లోకి రాకుండా ఏట్లోంచే వెనుదిరిగాడన్న కథ రెంటికీ ముడి. పాలన తెలిసినవాడు చేసిన పని అది. తేదీ మార్చి ఊరుకోకుండా, మనుషుల్ని ఒకచోటికి తెచ్చాడు.

తెల్లవారకముందే వైగై ఒడ్డున లక్షల మంది. ఎగువ డ్యాము నుంచి పండుగ కోసమే నీళ్లు వదులుతారు. బంగారు గుర్రం మీద అళగరు వస్తాడు. ఏ రంగు పట్టు కట్టుకున్నాడోనని అందరి చూపూ అటే. ఆకుపచ్చ అయితే ఏడాది పంటలు బాగుంటాయి. మా అవ్వలు ఆ రంగు తెలిసేదాకా మంచినీళ్లు ముట్టరు. ఎండలో వచ్చిన దేవుడికి వడదెబ్బ తగలకుండా భక్తులు మేకతోలు సంచులతో నీళ్లు చిమ్ముతారు. ఆ తోలు సంచిని నడుముకు కట్టుకుని, సన్నటి గొట్టంలోంచి ధార వదిలే కుర్రాళ్లను చూస్తుంటే నాకు కపిల తొండం గుర్తొస్తుంది. తోలు కుట్టిన చెయ్యిని దూరం పెట్టిన లోకమే, ఆ తోలులోంచి వచ్చిన నీటిని దేవుడి మీద పడనిచ్చింది. దారి పొడుగునా చలివేంద్రాలు, మజ్జిగ, పానకం. మధ్యాహ్నానికి చల్లటి జిగర్తండా అమ్మే కొట్ల ముందు నిలబడని పిల్లవాడుండడు. గుడికి ఎదురుగా తిరుమల నాయకుడే కట్టించిన పుదుమండపం ఉంది. వసంతోత్సవానికి దేవుడు చల్లగా ఉండాలని దాని చుట్టూ నీళ్లు నిలిపే ఏర్పాటు చేశారు. ఎండాకాలాన్ని ఎలా గడపాలో రాయిలో ఆలోచించిన కట్టడం అది.

మదురైకి దక్షిణంగా కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే ఊళ్లో కి. రాజనారాయణన్ పుట్టారు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగువాళ్లు ఉత్తరం నుంచి పారిపోయి వచ్చి కరిసల్ అనే నల్లరేగడి నేల మీద ఊరు కట్టుకున్న కథను 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021 మే నెలలో, తొంభై ఎనిమిదో ఏట కన్నుమూశారు. ఆ నవలలో వలస కథ చెప్పేది మంగత్తాయారు అనే పండు ముసలి. అలాంటి అవ్వ మా ప్రతి ఇంట్లోనూ ఉండేది. రాత్రి మిద్దె మీద చాపలు పరిచి, నీళ్లు చల్లి, పిల్లలంతా వరసగా పడుకున్నాక మొదలయ్యేది ఆమె కథ. ఏరు దాటడం, గుర్రాలు తరమడం, చెట్టు కొమ్మ వంగి దారి ఇవ్వడం. ఊరికో రకంగా ఉంటుంది. తెలుగులో తప్ప ఆ కథను చెప్పడం ఆమెకు చేతకాదు.

ఆ రాత్రులు తగ్గిపోతున్నాయి. మిద్దె ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. పైకప్పు మీద సోలారు పలకలు, నీళ్ల ట్యాంకులు, తాళం. నీట్ పరీక్ష వచ్చాక పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు సెలవులే లేవు. మే నెల కోచింగుకు పోతుంది. 2006లో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అది తరగతి తర్వాత తరగతి పైకెక్కి పదో తరగతికి చేరింది. మేము తమిళానికి వ్యతిరేకం కాము, అది మాకు అన్నం పెట్టిన భాష, మా పిల్లలు దాన్ని బాగా నేర్చుకోవాలి. కానీ బడిలో తెలుగుకు ఉన్న కాస్త చోటూ ఇరుకైపోతున్నప్పుడు ఇంటి బరువు పెరుగుతుంది. ఆ బరువు మోసే ఇంట్లో ఇప్పుడు అవ్వ ఒక ఊళ్లో, మనవలు ఇంకో దేశంలో ఉన్నారు. వీడియో కాల్‌లో "బాగుండావా? తింటివా?" అన్న రెండు మాటలు దాటి తెలుగు సాగడం లేదు. చేసే పని ఒకటి మధ్యలో ఉంటే మాట దానంతటదే సాగుతుంది. ఊరికే కూర్చోబెట్టి మాట్లాడమంటే పిల్లలు మాత్రం ఏం మాట్లాడతారు?

అందుకని మా వీధిలో కొన్ని ఇళ్లవాళ్లం కలిసి ఒక పని చేస్తున్నాం. తాళం వేసిన పైకప్పును మే నెలలో ఆదివారాలు తెరిపించుకుంటాం. వడియాలు పెడతాం. గ్రైండరు ఒకరిది, పిండి ఒకరిది, పాత పంచెలు అందరివీ. కోచింగుకు పోయే పిల్లలు కూడా పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా వచ్చిపోతారు. వీధి ఊడ్చే అమ్మ తన ఇద్దరు కూతుళ్లను తీసుకొచ్చింది. చల్ల మిరపకాయలు ఆమె చేసినంత బాగా మాలో ఎవరికీ కుదరవు, కాబట్టి ఆ పనికి ఆమే పెద్ద. ఎండిన సరుకును డబ్బాల్లో పోసేటప్పుడు మేం కొత్తగా పెట్టుకున్న నియమం ఒకటుంది. ప్రతి డబ్బా మీద ఏముందో తెలుగు అక్షరాల్లో ఒక పిల్లో పిల్లవాడో రాయాలి. సగ్గుబియ్యం వడియాలు. చల్ల మిరపకాయలు. ఉప్పు మామిడి. నాకు లిపి నేర్పే అవకాశం అలా దొరికింది. వత్తులు తలకిందులవుతాయి, 'య'కూ 'మ'కూ తేడా తెలియక తికమకపడతారు. మిరపకాయల డబ్బా తెరిచి చూసుకుని సరిదిద్దుకుంటారు. మా ఇంట్లో చదవడం రాని అవ్వ ఒకావిడ తన పేరు కూడా అలాగే ఒక మూత మీద రాయించుకుని, దాన్ని చూసి చూసి తనే రాయడం నేర్చుకుంటోంది.

వింటున్న మీలో ఎవరైనా ఊటీకో మదురైకో పోతూ మే నెలలో కోయంబత్తూరులో దిగితే, గాంధీపురంలో ఒక పూట ఆగండి. టీ కొట్టు దగ్గర మీలో మీరు తెలుగు మాట్లాడుకుంటే చాలు, పక్కనున్నవాళ్లెవరో తలతిప్పి "యా ఊరు మీది?" అని అడుగుతారు. మా యాస మీకు కొత్తగా ఉంటుంది, తమిళం కలుస్తుంది. నవ్వకుండా జవాబు చెప్పండి. తర్వాత మిమ్మల్ని ఇంటికి పిలుస్తారు. ఖాళీ చేతులతో పంపరు, ఒక డబ్బా ఇస్తారు. దాని మీద రాసింది పైకి చదివి వినిపించి మరీ తీసుకోండి, రాసిన పిల్ల అక్కడే ఎక్కడో నిలబడి వింటూ ఉంటుంది.